నోల్ మేనర్: వారసులు, వారసులు కానివాళ్ళు



జీవితమంతా ఆస్తి చట్టం బోధించిన మాస్టారి పేరిట జరుగుతున్న ఉపన్యాసమిది. అందుకని ఒక ఇంటి వారసత్వం గురించి మాట్లాడదలచుకున్నాను. ఆ ఇల్లు ఇంగ్లాండులో, కెంట్ ప్రాంతంలో, సెవెనోక్స్ ఊరి పక్కన ఉంది. పేరు నోల్. 17వ శతాబ్దం మొదలు ఇప్పటిదాకా, నాలుగు వందల ఏళ్ళకు పైగా, అది సాక్‌విల్ వంశం వారి ఇల్లు. ఇలాంటి ఇళ్ళ చరిత్రలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి: తాత, తండ్రి, కొడుకు, మనవడు. నేను మాత్రం ఆ వరసలో చోటు దక్కనివాళ్ళ గురించే ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే నోల్ కథలో రెండు నియమాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆస్తి ముక్కలు కాకుండా ఒక్కరికే వెళ్ళాలన్నది మొదటిది. ఆ ఒక్కరూ మగవాళ్ళే కావాలన్నది రెండోది. మొదటిదానికి ఒక కారణమైనా ఉంది, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. రెండోదానికి ఏ కారణమూ లేదని నోల్ చరిత్రే సాక్ష్యం చెబుతుంది.

ముందు ఇంటి సంగతి. 1456లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బౌచర్ ఈ మేనర్‌ని 266 పౌన్ల 13 షిల్లింగుల 4 పెన్నీలకు కొన్నాడు. మేనర్ అంటే భవనం ఒక్కటే కాదు. పొలాలు, అడవి, కౌలుదార్లు, వాళ్ళ నుంచి రావలసిన శిస్తులు, వాళ్ళ తగవులు విచారించే సొంత కచేరీ, అన్నీ కలిపి మేనర్. ఆర్చిబిషప్పులు కట్టుకున్న ఆ ఇంటి మీద ఎనిమిదో హెన్రీ కన్ను పడింది. 1538లో ఆర్చిబిషప్ క్రాన్మర్ దాన్ని రాజుకు ‘సమర్పించుకున్నాడు’. తర్వాత అది కొన్నాళ్ళు రాజుల చేతుల్లో, వాళ్ళ ఇష్టుల చేతుల్లో తిరిగి, 17వ శతాబ్దం తొలి ఏళ్ళలో థామస్ సాక్‌విల్‌కి పూర్తిగా దక్కింది. ఆయన ఎలిజబెత్ రాణికి బంధువు, రాజ్య కోశాధికారి. యవ్వనంలో ‘గోర్బొడక్’ అనే విషాద నాటకం రాసినవారిలో ఒకడు. ఆ నాటకం కథ ఏమిటంటే, ఒక రాజు బతికుండగానే రాజ్యాన్ని ఇద్దరు కొడుకులకు పంచుతాడు, దాంతో వంశమూ దేశమూ నాశనమవుతాయి. ఆస్తిని ముక్కలు చేస్తే ఏమవుతుందని ఆయన వర్గం భయపడిందో ఆ నాటకంలో కనిపిస్తుంది. 1604లో ఆయన డార్సెట్ ఎర్ల్ అయ్యాడు. నోల్‌ని చాలా భాగం తిరగగట్టించాడు. 1608లో మంత్రాంగ సభలో కూర్చుని ఉండగానే ప్రాణం విడిచాడు.

విచిత్రమేమిటంటే, నోల్ ఉన్న కెంట్ ప్రాంతంలో ప్రాచీన ఆచారం పెద్దకొడుక్కే అంతా కట్టబెట్టడం కాదు. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే భూమిని కొడుకులందరూ సమానంగా పంచుకునేవారు. గావెల్‌కైండ్ అనేవారు దాన్ని. మన ఇళ్ళలో అన్నదమ్ముల భాగపంపకాలు చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. దేశంలో మిగతాచోట్ల జ్యేష్ఠాధికారం నడుస్తుంటే కెంట్ రైతులు ఈ ఆచారాన్ని 1925 చట్టం వచ్చేదాకా నిలుపుకున్నారు. పెద్ద కుటుంబాలు మాత్రం పార్లమెంటు చట్టాలు చేయించుకుని, పత్రాలు రాయించుకుని దాని నుంచి తప్పించుకున్నాయి. అంటే పెద్ద ఎస్టేట్ విడిపోకుండా ఉండటం ప్రకృతి ధర్మమేమీ కాదు. ప్రతి తరంలోనూ ప్లీడర్ల సాయంతో పూనుకుని చేసిన పని.

ఆ పని 17వ శతాబ్దం మధ్యకల్లా ఒక పద్ధతికి వచ్చింది. పెద్దకొడుక్కి 21 ఏళ్ళు నిండగానే, లేదా పెళ్ళి సమయంలో, తండ్రీకొడుకులు కూర్చుని ఒక సెటిల్‌మెంట్ రాసుకునేవారు. తండ్రికి జీవితకాలం అనుభవించే హక్కు, తర్వాత కొడుక్కీ అంతే, ఆపైన ఇంకా పుట్టని మనవడికి. భార్యకు వైధవ్యంలో భరణం. కూతుళ్ళకూ చిన్నకొడుకులకూ కొంత సొమ్ము. ఆ మనవడు పెద్దవాడయ్యాక మళ్ళీ అదే తంతు. ఈ ఏర్పాటులో ఎవరూ యజమాని కారు. ఇంట్లో ఉన్న ప్రభువుకు అమ్మే హక్కు లేదు, కావలి కాసే బాధ్యతే ఉంది. ఆస్తి మనుషులకు కాకుండా మనుషులే ఆస్తికి చెందారు. 1882లో వచ్చిన చట్టం జీవితకాల హక్కుదారుకు భూమి అమ్ముకునే వీలు కల్పించినా, వచ్చిన డబ్బు ట్రస్టీల చేతిలోనే ఉండాలంది.

ఈ పద్ధతి స్థిరపడకముందే నోల్‌లో ఒక కోడలు వారసత్వం కోసం పోరాడింది. నా దృష్టిలో నోల్ కథలో మొదటి పెద్ద మనిషి ఆమే. పేరు లేడీ ఆన్ క్లిఫర్డ్. 1590లో పుట్టింది. తండ్రి కంబర్‌లాండ్ మూడో ఎర్ల్ జార్జ్ క్లిఫర్డ్. ఇద్దరు మగపిల్లలు చిన్నప్పుడే పోయి ఆన్ ఒక్కతే మిగిలింది. 1605లో తండ్రి చనిపోతూ ఉత్తరాన వెస్ట్‌మోర్లండ్, స్కిప్టన్ ఎస్టేట్లను కూతురిని కాదని తన తమ్ముడికి రాశాడు. కానీ రెండో ఎడ్వర్డ్ కాలం నాటి పాత పత్రాల ప్రకారం ఆ భూములు ఆడ, మగ తేడా లేకుండా సొంత సంతతికి చెందాలి. ఆన్ తల్లి మార్గరెట్ పాత దస్తావేజులన్నీ తవ్వించి కూతురి పక్షాన దావాకు దిగింది.

1609లో ఆన్‌కు రిచర్డ్ సాక్‌విల్‌తో పెళ్ళయింది. రెండు రోజులకే అతడు డార్సెట్ మూడో ఎర్ల్ అయ్యాడు, ఆమె నోల్ ఇంటి దొరసాని అయింది. రిచర్డ్ అందగాడు, విలాసపురుషుడు, నిలువెల్లా అప్పులు. భార్య తన హక్కు వదులుకుని నగదు తీసుకుంటే ఆ డబ్బు తన అప్పులకు పనికొస్తుందని అతని ఆశ. ఆమె ఒప్పుకోలేదు. ఆ ఏళ్ళలో ఆమె నోల్‌లో రాసుకున్న దినచర్య మనకు మిగిలింది. అందులో భర్త అలకలు, బెదిరింపులు, మంచి మాటలు, మళ్ళీ బెదిరింపులు వరసగా కనిపిస్తాయి. 1616లో రెండేళ్ళు కూడా నిండని కూతురు మార్గరెట్‌ని ఆమె దగ్గరనుంచి తీసుకెళ్ళిపోయాడు. 1617లో ఒకటో జేమ్స్ రాజు స్వయంగా పిలిపించి, తన తీర్పుకు కట్టుబడమన్నాడు. గదినిండా మగవాళ్ళు, భర్త, బాబాయి, న్యాయాధికారులు. ఇరవయ్యారేళ్ళ ఆన్ రాజు ముందు నిలబడి, వెస్ట్‌మోర్లండ్ వదులుకోనని చెప్పింది. ఆమె సమ్మతి లేకుండానే రాజు బాబాయికి అనుకూలంగా తీర్పిచ్చాడు. ఆమె సంతకం పెట్టలేదు.

భర్త 1624లో పోయాడు. ఆమెకు మిగిలినవాళ్ళు ఇద్దరు కూతుళ్ళు. నోల్ మరిది ఎడ్వర్డ్‌కి వెళ్ళింది. పుట్టింటి ఆస్తి బాబాయికి, ఆపైన అతని కొడుక్కి, మెట్టినింటి ఆస్తి మరిదికి. ఆమె మరో రెండు దశాబ్దాలు ఎదురుచూసింది. 1643లో ఆ బాబాయి కొడుకు మగసంతానం లేకుండా చనిపోయాక క్లిఫర్డ్ ఎస్టేట్లన్నీ ఆమెకే వచ్చాయి. అప్పటికి ఆమెకు 53 ఏళ్ళు. 1649లో ఉత్తరానికి వెళ్ళి స్కిప్టన్, ఆపిల్‌బీ, బ్రూమ్, బ్రఫ్ కోటలను బాగుచేయించింది. 1676లో, 86వ ఏట, బ్రూమ్ కోటలో పోయింది. ఆమె గీయించిన మూడు పలకల పెద్ద చిత్రంలో ఎడమవైపు పదిహేనేళ్ళ ఆన్ ఉంటుంది, అంటే హక్కు పోయిన వయసు. కుడివైపు హక్కు దక్కించుకున్నాక ఉన్న ఆన్. మధ్యలో తల్లిదండ్రులు, చనిపోయిన ఇద్దరు సోదరులు. ఒక ఆడమనిషి తన వారసత్వాన్ని ఇంత స్పష్టంగా రంగుల్లో వాదించుకోవడం నాకు మరెక్కడా కనిపించలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మరో వర్గాన్ని తలుచుకోవాలి. ఆన్ కాలంలో నోల్‌లో రోజూ ఎవరెవరు ఏ బల్ల దగ్గర భోంచేస్తారో చెప్పే జాబితా ఒకటి మిగిలింది. వంటవాళ్ళు, చాకలివాళ్ళు, గుర్రపుశాలల్లో పనివాళ్ళు, తోటమాలులు, వందమందికి పైగా పేర్లు. వాటిలో గ్రేస్ రాబిన్సన్, జాన్ మొరాకో అనే ఇద్దరు నల్లజాతి పనివాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఈమధ్య జరిగిన మరమ్మతుల్లో అటక చెక్కల కింద 1633 నాటి చీటీ ఒకటి దొరికింది. మర్నాడు బండిలో చేపలు, రెండు డజన్ల సత్తు చెంచాలు, పిల్లల గదికి నిప్పుల పార, కొత్త మూకుడు పంపమని ఒక నౌకరు ఇంకొకరికి రాసుకున్న చీటీ. ఈ మనుషులకు ఏ వీలునామాలోనూ చోటు లేదు. ఆ ఇల్లు నడిచింది మాత్రం వీళ్ళ చేతుల మీదుగానే.

ఆ తర్వాతి ప్రభువుల గురించి వేగంగా దాటేస్తాను. రిచర్డ్ తన అప్పుల కోసం నోల్‌ని హెన్రీ స్మిత్ అనే లండన్ వర్తకుడికి అమ్మి అందులోనే అద్దెకున్నాడు. తర్వాతివాళ్ళు తిరిగి కొనుక్కున్నారు. ఆరో ఎర్ల్ కవి, కవులకు పోషకుడు. రాజు కొలువులో చేసిన ఉద్యోగం వల్ల వచ్చే హక్కుగా రాజభవనాల్లో పాతబడిన సామాను తెచ్చి నోల్ నింపాడు. నేడు ప్రపంచం చూడవచ్చే స్టువర్ట్ కాలపు కుర్చీలు, మంచాలు చాలావరకు అలా చేరినవే. 1720లో ఆ వంశం డ్యూక్ హోదాకు ఎదిగింది.

1815లో ఆ ఎదుగుదల ఒక్కసారిగా తెగిపోయింది. నాలుగో డ్యూక్ ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, పెళ్ళి కాకుండానే, ఐర్లండులో వేటకు వెళ్ళి గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. డ్యూక్ బిరుదు మగ దాయాది ఒకడికి పోయింది. 1843లో ఆయనతో ఆ బిరుదే అంతరించింది. కానీ నోల్ ఆ బిరుదు వెంట వెళ్ళలేదు. చనిపోయిన డ్యూక్ తల్లి ఏలుబడిలో ఉండి, ఆమె తదనంతరం అక్కచెల్లెళ్ళకు వచ్చింది. ముందు మేరీకి, ఆమె 1864లో పిల్లలు లేకుండా పోయాక ఎలిజబెత్‌కి. 1870 వరకు, అంటే యాభై అయిదేళ్ళ పాటు, నోల్ ఆడవాళ్ళదే. ఆ కాలంలో ఇల్లు ముక్కలు కాలేదు. ఒక్క గది కూడా ఎవరికీ పంచాల్సిన అవసరం రాలేదు. ఆడది వారసురాలైతే ఇల్లు చెల్లాచెదురవుతుందన్న వాదానికి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

ఈ మేరీ రెండో భర్త మన చరిత్రలోనూ ఉన్నాడు. 1823 నుంచి 1828 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్న విలియం పిట్ అమ్హర్‌స్ట్. ఆయన ఏలుబడిలోనే మొదటి బర్మా యుద్ధం జరిగింది. మద్రాసు సేనలను ఓడలెక్కించి రంగూన్‌కి పంపారు. జ్వరాలతో, రోగాలతో వేలమంది తిరిగిరాలేదు. ఆ యుద్ధం పేరు చెప్పి ఆయనకు 1826లో ఎర్ల్ బిరుదిచ్చారు. మేరీని 1839లో పెళ్ళాడి, 1857 మార్చిలో నోల్‌లోనే కన్నుమూశాడు.

మన జమీందారీల సంగతీ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాటి తగవులూ చివరికి లండన్‌లోనే తేలేవి. పిఠాపురం లాంటి అవిభాజ్య ఎస్టేట్లు పెద్దకొడుక్కే వెళ్ళేవి. వాటిని ఏలేవాడికి అన్యాక్రాంతం చేసే అధికారముందా అన్న ప్రశ్న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1899లో పిఠాపురం వ్యాజ్యంలో ఆ అధికారం ఉందని తీర్పు వచ్చింది. అలాగైతే ఎస్టేట్లు కరిగిపోతాయని భయపడి మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం తెచ్చి ఏలేవాడి చేతులు కట్టేసింది. ఇంగ్లాండులో సెటిల్‌మెంట్ పత్రం చేసే పనిని ఇక్కడ శాసనం చేసింది. పెద్ద తేడా ఒకటుంది. కొడుకు లేని మన జమీందారు దత్తత తీసుకోగలడు. ఇంగ్లాండులో దత్తతకు చట్టమే 1926 దాకా లేదు. అందుకే అక్కడ కొడుకు లేకపోతే తమ్ముడి కొడుకు కోసం చూడాల్సిందే.

నోల్‌కి తిరిగి వద్దాం. ఎలిజబెత్ కొడుకుల మధ్య పెద్ద తగవు నడిచి, చివరికి మోర్టిమర్‌కి దక్కింది. ఆయన 1876లో సాక్‌విల్ బారన్ అయ్యాడు. పిల్లల్లేరు. 1888లో తమ్ముడు లయొనెల్‌కి వచ్చింది. అతడు వాషింగ్టన్‌లో బ్రిటిష్ రాయబారి. యవ్వనంలో పెపీటా అనే స్పానిష్ నర్తకితో కాపురం చేసి పిల్లల్ని కన్నాడు. ఆమెకు అప్పటికే ఒక నాట్యగాడితో పెళ్ళయింది. ఆ పెళ్ళి రద్దు కాలేదు కనుక ఈ పిల్లలెవరికీ చట్టం దృష్టిలో తండ్రి లేడు. పెద్దకూతురు విక్టోరియా 1890లో తన తండ్రి తమ్ముడి కొడుకుని, అతని పేరూ లయొనెలే, పెళ్ళాడింది. నోల్ తర్వాతి వారసుడు అతడే. చట్టం కూతురిగా ఇవ్వని ఇంటిలోకి ఆమె కోడలిగా వచ్చింది.

1908లో తండ్రి పోయాడు. విక్టోరియా తమ్ముడు హెన్రీ కోర్టుకెక్కాడు. మా అమ్మానాన్నలకు పెళ్ళయింది, నేను సక్రమ సంతానాన్ని, నోల్ నాది అని. 1910 ఫిబ్రవరిలో లండన్ కోర్టులో విచారణ. మాడ్రిడ్ చర్చి రిజిస్టర్లు తెప్పించారు, వాటిని ఎవరో దిద్దారన్న గొడవ వచ్చింది. ఆ వ్యాజ్యం విక్టోరియాకు ఎంత క్రూరమైందో ఊహించండి. తమ్ముడు గెలిస్తే తల్లి ధర్మపత్ని అవుతుంది, తనూ సక్రమ సంతానమవుతుంది, కానీ ఇల్లు పోతుంది. తమ్ముడు ఓడితే ఇల్లు దక్కుతుంది, కానీ తల్లికి తన తండ్రితో పెళ్ళి కాలేదని, తాను అక్రమ సంతానమని నిండు కోర్టులో, దేశమంతా చదివే పత్రికల్లో రుజువవ్వాలి. ఆమె పక్షం గెలిచింది. సెవెనోక్స్‌లో జనం గుర్రాలు విప్పేసి బండిని తామే లాగుతూ ఊరేగింపుగా ఇంటికి తీసుకొచ్చారు. హెన్రీ 1914లో పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. నోల్ వారసుల జాబితాలో అతని పేరు ఉండదు. నా లెక్కలో మాత్రం ఆ నియమానికి అతి పెద్ద మూల్యం చెల్లించింది అతడే.

ఆ ఊరేగింపు నాటికి విక్టోరియా ఏకైక సంతానం వీటాకి పదిహేడేళ్ళు. 1892లో నోల్‌లోనే పుట్టింది. ప్రతి గదీ, ప్రతి మెట్టూ తెలిసిన పిల్ల. తన ఇల్లు నిలిచిందని అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడే, అది ఎప్పటికీ తనది కాదని ఆమెకు తెలుసు. కవయిత్రి అయింది. 1922లో ‘నోల్ అండ్ ద సాక్‌విల్స్’ రాసింది. ఆన్ క్లిఫర్డ్ దినచర్యను 1923లో ఆమే సంపాదకత్వం వహించి అచ్చువేయించింది. మూడు వందల ఏళ్ళ తేడాతో ఒకే ఇంట్లో హక్కు కోల్పోయిన ఇద్దరిలో రెండో ఆమె మొదటామె గొంతును లోకానికి వినిపించింది. వంశచరిత్రలో ఇంతకంటే విలువైన వారసత్వం ఏ డ్యూకూ ఇచ్చిపోలేదని నా నమ్మకం.

వీటా తండ్రి 1928 జనవరిలో పోయాడు. మూడేళ్ళ ముందే, 1925 చట్టంతో, వీలునామా లేని ఆస్తుల విషయంలో జ్యేష్ఠాధికారాన్నీ మగవాళ్ళ ప్రాధాన్యాన్నీ పార్లమెంటు రద్దు చేసింది. అయినా సెటిల్‌మెంట్లకూ బిరుదులకూ అది తగల్లేదు. నోల్ బాబాయి చార్లెస్‌కి వెళ్ళింది. అదే ఏడాది అక్టోబరులో వర్జీనియా వుల్ఫ్ ‘ఒర్లాండో’ వెలువడింది, వీటాకే అంకితం. అందులో కథానాయకుడు శతాబ్దాల పాటు బతుకుతాడు, మధ్యలో స్త్రీగా మారతాడు, ఆ వెంటనే ఇంటి మీద దావాలు మొదలవుతాయి. మనిషి మారలేదు, హక్కు మారింది. చట్టం ఎంత అసంగతమో చెప్పడానికి వుల్ఫ్‌కి అంతే సరిపోయింది. దాని రాతప్రతిని వుల్ఫ్ వీటాకి ఇచ్చింది. వీటా మరణించాక అది నోల్‌కి చేరింది.

వీటా 1930లో అదే కెంట్‌లో శిథిలమైన సిసింగ్‌హర్స్ట్ కోటను కొని, భర్తతో కలిసి తోట పెంచింది. నోల్ ఆర్థికంగా నిలవలేక 1946లో, చారిత్రక భవనాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు చేరింది. కుటుంబం కౌలు మీద కొంత భాగంలో ఉండిపోయింది. 1894 నుంచి పెరుగుతూ వచ్చిన మరణ సుంకాలు ఇలాంటి ఎన్నో ఇళ్ళను ఆ దారికే తెచ్చాయి. సందర్శకులకు నోల్ గురించి చెప్పే పుస్తకం రాయమని ట్రస్టు వీటానే అడిగింది. తనకు దక్కని ఇంటికి దారి చూపే పుస్తకం ఆమె రాసింది.

మన చట్టసభల వైపు ఒకసారి చూస్తే, ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కిచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 1986 సవరణలో మాత్రం, అది అమలుకు రాకముందే పెళ్ళయిన ఆంధ్ర కూతుళ్ళను బయటే ఉంచారు. ఎక్కడైనా ఈ గీత గీసేటప్పుడు చట్టం చేయి వణుకుతూనే ఉంటుంది.

2004లో ఆరో సాక్‌విల్ బారన్ చనిపోయాడు. ఆయనకు అయిదుగురు కూతుళ్ళు. బిరుదు, కౌలు హక్కు తమ్ముడి కొడుకు రాబర్ట్‌కి వెళ్ళాయి. రాబర్ట్ 2010లో ‘ఇన్‌హెరిటెన్స్’ అనే పుస్తకంలో ఈ కథంతా నిజాయితీగా రాశాడు, వారసత్వం దక్కనివాళ్ళ బాధతో సహా. 2013లో పార్లమెంటు సింహాసనం విషయంలో కొడుకు, కూతురు తేడా తీసేసింది. ప్రభువుల బిరుదులను ముట్టుకోలేదు. సమర్థించేవాళ్ళు ఇప్పటికీ ఇల్లూ వంశమూ కలిసి నిలవాలనే చెబుతారు. నోల్‌ని ముక్కలు కాకుండా కాపాడే పని 1946 నుంచి ట్రస్టుది. పందొమ్మిదో శతాబ్దంలో 55 ఏళ్ళు ఆ పని ఆడవాళ్ళు చేశారు. మగవాడే కావాలన్న రెండో నియమానికి ఇక ఆధారంగా చూపించేందుకు ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు. బిరుదుల్లో కూడా దాన్ని పార్లమెంటు రద్దు చేయాలి.